అణువిద్యుత్తుపై బహిరంగ చర్చ: ఎప్పుడు మొదలుపెట్టాలి, బల్ల మీద ఏమేం పెట్టాలి?

నిర్ణయపత్రం అడిగిన ప్రశ్న:

ఇంతవరకు ఒక్క అణు రియాక్టర్ కూడా లేని దేశం. బొగ్గు తగ్గించుకోవాలి. గాలి, సౌర విద్యుత్తు పెరుగుతున్నాయి గానీ రాత్రిళ్లు, గాలి లేని వారాల్లో లోటు ఎలా పూడ్చాలో తేలలేదు. ప్రభుత్వంలో అణువిద్యుత్తు మాట మొదలైంది. ఇలాంటి చోట రెండు వాదనలు వినిపిస్తాయి. "ముందు నిపుణుల కమిటీ తేల్చనివ్వండి, ఇప్పుడే జనంలోకి తీసుకెళ్తే భయాలూ పుకార్లే మిగులుతాయి" అనేది ఒకటి. "మొదటి రోజు నుంచీ అంతా బహిరంగంగా జరగాలి" అనేది రెండోది.

నా మొగ్గు రెండోదాని వైపే. కానీ బహిరంగ చర్చ అనగానే టీవీలో నలుగురు అరుచుకోవడం దగ్గర ఆగిపోతుందన్న భయమూ ఉంది. ఇంధన ప్రణాళిక, లైసెన్సింగ్ తెలిసినవారు చెప్పండి: చర్చ ఏ దశలో పెట్టాలి? జనం ముందు ఏ పత్రాలు, ఏ అంకెలు ఉంచాలి? చివర్లో రిఫరెండం పెట్టాలా? అణువిద్యుత్తు మంచిదా చెడ్డదా అనే వాదన ఈ దారంలో వద్దు. చర్చ ఎలా జరగాలన్నదే నా ప్రశ్న.

---

లైసెన్స్‌గేటు:

"ఒక చర్చ" అనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుందండి. రియాక్టర్ నిర్ణయం ఒక్కసారి తీసుకునేది కాదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కొత్త దేశాల కోసం రూపొందించిన పద్ధతిలో మూడు దశలు, మూడు మైలురాళ్లు ఉన్నాయి. మొదటి మైలురాయి నాటికి దేశం తెలిసి మాట ఇవ్వగల స్థితికి రావాలి. రెండోదానికి టెండర్లు పిలవగల స్థితికి, మూడోదానికి ప్లాంటు నడపగల స్థితికి రావాలి. ప్రతి దశలో 19 అంశాలు చూస్తారు: చట్టం, నియంత్రణ సంస్థ, గ్రిడ్, స్థలం, వ్యర్థాలు, నిధులు, సిబ్బంది, అత్యవసర ప్రణాళిక వగైరా. ప్రజల భాగస్వామ్యం కూడా ఆ 19లో ఒకటి. మొదటి ఆలోచన నుంచి కరెంటు వచ్చేదాకా 10 నుంచి 15 ఏళ్లు పడుతుందని వాళ్ల లెక్క.

కాబట్టి చర్చ పెట్టాల్సిన వేళ ఏదంటే, ఆగిపోవడానికి అయ్యే ఖర్చు ఇంకా తక్కువగా ఉన్నప్పుడు. మొదటి దశలో ఖర్చంతా అధ్యయనాలు, జీతాలే. టెండరు ఖరారై, రియాక్టర్ ఇంధనాన్ని ఉంచే ఒత్తిడి పాత్ర వంటి భారీ ఉక్కు భాగాలకు ఆర్డరు వెళ్లాక ఆపడమంటే పరిహారాలు, కోర్టులు. కాంక్రీటు పోశాక చెప్పనే అక్కర్లేదు.

ఆలస్యంగా అడిగితే ఏమవుతుందో ఆస్ట్రియా చూపించింది. ట్స్వెంటెన్‌డార్ఫ్ ప్లాంటు కట్టడం పూర్తయ్యాక, 1978 నవంబరు 5న రిఫరెండం పెట్టారు. 50.47 శాతం వద్దన్నారు, తేడా సుమారు 30 వేల ఓట్లు. పూర్తయిన ప్లాంటు ఒక్క యూనిట్ కరెంటు ఇవ్వలేదు. ఫిలిప్పీన్స్‌లో బతాన్ ప్లాంటు పని 1976లో మొదలైంది. 1986లో ప్రభుత్వం మారింది, అదే ఏడాది చెర్నోబిల్ ప్రమాదం జరిగింది. రియాక్టర్‌లో ఇంధనం ఒక్కసారీ పెట్టలేదు, దాని అప్పు మాత్రం 2007 దాకా తీర్చారు. మొదట్లోనే తేల్చుకుని ఉంటే ఏ జవాబు వచ్చినా ఇంత నష్టం ఉండేది కాదు.

సరిగ్గా చేసిన నమూనా కావాలంటే ఫిన్లాండ్ చట్టం చూడండి. 1987 నాటి అణుశక్తి చట్టంలో "సూత్రప్రాయ నిర్ణయం" అనే మెట్టు ఉంది. నిర్మాణ లైసెన్సు కన్నా ముందే కంపెనీ దరఖాస్తు చేసుకోవాలి. పర్యావరణ అంచనా పెట్టాలి, నియంత్రణ సంస్థ ప్రాథమిక భద్రతా అభిప్రాయం ఇవ్వాలి, ప్లాంటు వచ్చే మునిసిపాలిటీ ఒప్పుకోవాలి. అది వద్దంటే అక్కడితో సరి. ఇవన్నీ దాటాక ప్రభుత్వం "ఇది సమాజానికి మొత్తంగా మేలా?" అని తేల్చి పార్లమెంటుకు పంపుతుంది. అదే పార్లమెంటు 1993లో ఐదో రియాక్టర్‌ను తిరస్కరించింది, 2002లో 107–92 ఓట్లతో ఆమోదించింది. అడిగిన ప్రతిసారీ "వద్దు" అనే జవాబుకు నిజమైన అవకాశం ఉంది. అది లేని చర్చకు జనం ఒకసారి వస్తారు, రెండోసారి రారు.

ఇంకొకటి. చర్చ నడిపేవాళ్లు ప్లాంటు కట్టే సంస్థ నుంచి జీతం తీసుకునేవాళ్లు కాకూడదు. అణుశక్తిని ప్రోత్సహించే శాఖ, భద్రతను పర్యవేక్షించే సంస్థ రెండూ ఒకే మంత్రి కింద ఉంటే, చర్చ మొదలుపెట్టకముందే వాటిని విడదీయాలి.

---

ఫ్రీక్వెన్సీ50:

గ్రిడ్ సంగతి నేను చెప్తాను. చర్చల్లో అందరూ వదిలేసేది ఇదే. చాలా దేశాలకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

వ్యవస్థ మొత్తం సామర్థ్యంలో ఏ ఒక్క యూనిట్టూ (అంటే ఒక జనరేటర్) 10 శాతం దాటకూడదన్నది వాడుకలో ఉన్న కొలమానం. దాన్ని గరిష్ఠ డిమాండుతో పోల్చి ఊరుకుంటే మోసపోతాం. అర్ధరాత్రి కనిష్ఠ లోడుతో కూడా పోల్చి చూడాలి. పగలు 8,000 మెగావాట్లు వాడే దేశం తెల్లవారుజామున 5,000కు పడిపోతుందనుకోండి. అప్పుడు 1,000 మెగావాట్ల యూనిట్ అంటే మొత్తంలో ఐదో వంతు. అది ట్రిప్ అయితే, అంటే హఠాత్తుగా ఆగిపోతే, ఏమవుతుందో లెక్క కట్టవచ్చు. ఫ్రీక్వెన్సీ పడే వేగం = 50 × (పోయిన మెగావాట్లు ÷ మొత్తం) ÷ (2 × ఇనర్షియా స్థిరాంకం). ఇనర్షియా స్థిరాంకం అంటే గ్రిడ్‌లో తిరిగే బరువైన యంత్రాల్లో దాగిన శక్తికి కొలత, సెకన్లలో చెప్తారు. అది 4 సెకన్లు అనుకుంటే 50 × 0.2 ÷ 8, అంటే సెకనుకు 1.25 హెర్ట్జ్. 50 నుంచి 49కి రావడానికి ఒక సెకను కూడా పట్టదు. టర్బైన్ల వేగం సరిదిద్దే గవర్నర్లు కదిలేలోపే, ఫ్రీక్వెన్సీ పడితే సరఫరా కోసే రిలేలు ఊళ్లకు ఊళ్లు కోసేస్తాయి. పైగా సౌర, గాలి విద్యుత్తు తిరిగే యంత్రాలు లేకుండా ఇన్వర్టర్ల ద్వారా వస్తుంది కాబట్టి వాటి వాటా పెరిగేకొద్దీ ఆ 4 సెకన్లు ఇంకా తగ్గుతాయి.

అందుకే పెద్ద యూనిట్ పెట్టే దేశం ఎప్పుడూ దానికి సమానమైన రిజర్వు తిప్పుతూ ఉంచాలి, లేదా పక్క దేశాలతో గట్టి లైన్లు, బ్యాటరీలు పెట్టుకోవాలి. ఈ ఖర్చు ప్లాంటు ధరలో కనపడదు. ట్రాన్స్‌మిషన్ సంస్థ పద్దులో కూర్చుంటుంది. "అణు యూనిట్ కోసం గ్రిడ్‌లో అదనంగా పెట్టేదెంత?" అన్న ప్రశ్నకు రాతపూర్వక జవాబు లేనిదే చర్చ మొదలుపెట్టకండి.

ఈ సమస్యకు రెండో వైపు కూడా ఉంది. ప్లాంటుకూ గ్రిడ్ కావాలి. రియాక్టర్ ఆపినా ఇంధనంలో వేడి ఆగదు. దీన్నే డికే హీట్ అంటాం. ఉష్ణ సామర్థ్యం 3,000 మెగావాట్లుగా ఉన్న రియాక్టర్‌లో ఆపిన క్షణాన సుమారు 200 మెగావాట్లు, గంట తర్వాత 45, ఒక రోజు తర్వాత కూడా 15 మెగావాట్ల వేడి పుడుతూనే ఉంటుంది. ఆ 15 మెగావాట్లు గంటకు సుమారు 20 టన్నుల నీటిని ఆవిరి చేస్తాయి. ఆ నీళ్లు పంపు చేయడానికి కరెంటు బయటి లైన్ల నుంచి రావాలి, లేదంటే డీజిల్ జనరేటర్ల నుంచి. 2011 మార్చి 11న ఫుకుషిమాలో నడుస్తున్న రియాక్టర్లు భూకంపం రాగానే వాటంతటవే ఆగాయి. బయటి లైన్లు పోయాయి, డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. ఇంచుమించు 50 నిమిషాల తర్వాత సునామీ వచ్చి వాటిని ముంచింది. ప్రమాదం అక్కడ మొదలైంది.

కాబట్టి బహిరంగ సభలో "ఇది సురక్షితమేనా?" అని అడగకండి, ఎవరైనా అవుననే చెప్తారు. ఇలా అడగండి: బయటి కరెంటు, డీజిల్ రెండూ పోతే మనిషి చెయ్యి పడకుండా ఎన్ని గంటలు? (పంపులు లేకుండానే చల్లబడే ఏపీ1000 వంటి పాసివ్ డిజైన్లలో 72 గంటలు.) ఆ తర్వాత నీళ్లు ఎక్కడి నుంచి, ఏ రోడ్డు మీదుగా వస్తాయి? రెండు బయటి లైన్లు ఒకే టవర్ల వరుస మీద వస్తున్నాయా? డీజిల్ గదులు ఏ ఎత్తులో ఉన్నాయి, ఆ ఎత్తు ఏ వరద లెక్కతో నిర్ణయించారు?

---

వడ్డీలెక్క:

డబ్బు గురించి క్లుప్తంగా. అమ్మేవాళ్లు చెప్పే ధర రాత్రికి రాత్రే కట్టేస్తే అయ్యే ఖర్చు. అందులో వడ్డీ ఉండదు. 100 రూపాయల ఖర్చును నిర్మాణ కాలమంతా సమానంగా పెడితే, పూర్తయ్యేనాటికి మీద పడే మొత్తం ఇలా ఉంటుంది: 6 ఏళ్లు, 4 శాతం వడ్డీ అయితే సుమారు 113. 6 ఏళ్లు, 8 శాతం అయితే 127. అదే 8 శాతానికి 12 ఏళ్లు పడితే 164. ఇంజినీరింగ్ ఏమీ మారలేదు, కాలమూ వడ్డీ మాత్రమే మారాయి. అసలు పనుల ఖర్చు పెరిగితే అది దీని మీద అదనం.

12 ఏళ్లు అనేది అతిశయోక్తి కాదు. ఫిన్లాండ్‌లో ఓల్కిలువోటో 3 పని 2005లో మొదలై, క్రమబద్ధమైన ఉత్పత్తి 2023 ఏప్రిల్‌లో మొదలైంది. ఫ్రాన్స్‌లో ఫ్లామన్‌విల్ 3 పని 2007లో మొదలై, 2024 డిసెంబరులో గ్రిడ్‌కు కలిసింది. తొలి అంచనా 330 కోట్ల యూరోలు, తర్వాత కంపెనీయే చెప్పిన అంకె 1,320 కోట్లు. మరోవైపు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని బరాకాలో ఒకే డిజైన్‌తో నాలుగు యూనిట్లు వరుసగా కట్టారు. 2012లో మొదలుపెట్టిన మొదటి యూనిట్ 2020లో గ్రిడ్‌కు కలిసింది. తేడా ఎక్కడుందంటే, డిజైన్ పూర్తిగా గీయకుండానే కట్టడం మొదలుపెట్టడం, మధ్యలో మార్పులు, చాలా ఏళ్లుగా ఇలాంటి వెల్డింగు చేయని సరఫరాదారులు.

చర్చలో ధర కన్నా ముఖ్యమైనది ఒప్పందంలోని ఒక్క వాక్యం: ఆలస్యమైతే ఎవరు కడతారు? అమెరికాలోని సౌత్ కరోలినాలో 2007లో వచ్చిన చట్టం నిర్మాణ ఖర్చును ముందుగానే వినియోగదారుల బిల్లుల్లో వేయనిచ్చింది. అక్కడి వి.సి. సమ్మర్ ప్లాంటులో రెండు కొత్త రియాక్టర్లను 2017లో సగంలో వదిలేశారు, అప్పటికి సుమారు 900 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. రాని కరెంటుకు జనం బిల్లు కట్టారు. అలాంటి క్లాజు మీద ఒక పూట చర్చ జరిగినా, రియాక్టర్ రకం మీద జరిగే పది చర్చలకన్నా ఎక్కువ ఉపయోగం.

చిన్న రియాక్టర్లు వస్తున్నాయి కదా అనేవారికి: అమెరికాలో 77 మెగావాట్ల మాడ్యూళ్లు ఆరు పెట్టాలనుకున్న ప్రాజెక్టు 2023 నవంబరులో రద్దయింది. మెగావాట్ గంటకు అంచనా ధర 58 డాలర్ల నుంచి 89కి పెరిగాక కొనేవాళ్లు చాలినంత మంది కుదరలేదు. చిన్నవి గ్రిడ్‌లో సులువుగా ఇముడుతాయి, అది నిజం. ధర మాత్రం ఎవరైనా వరుసగా కట్టి చూపించాకే నమ్మాలి.

---

తొందరపని:

నేను కొంచెం విభేదిస్తాను. బరాకా పేరు మీరే ఎత్తారు. అక్కడ రిఫరెండం లేదు, ఊరూరా సభలు లేవు. 2008లో విధాన పత్రం, 2009లో చట్టం, నియంత్రణ సంస్థ, ఆ ఏడాది చివరకు కాంట్రాక్టు. 2024కి నాలుగు యూనిట్లూ నడుస్తున్నాయి. వాతావరణ మార్పుకు గడువు ఉంది. చర్చ పేరుతో ఐదేళ్లు పోతే ఆ ఐదేళ్లూ బొగ్గే మండుతుంది.

---

లైసెన్స్‌గేటు:

తొందరపని గారూ, గడువు గురించి మీరన్నది సరైనదే. కానీ ఆ 2008 పత్రం ఏం చేసిందో చూడండి. యురేనియం సుసంపన్నం, రీప్రాసెసింగ్ (వాడిన ఇంధనం నుంచి ప్లుటోనియం వేరుచేయడం) రెండూ తమ దేశంలో చేయబోమని అందరికీ తెలిసేలా ముందే రాసి ప్రకటించింది. అది కూడా బహిరంగతే, శ్రోతలు మాత్రం ప్రధానంగా బయటి దేశాలు. నాలుగైదేళ్లకోసారి ఎన్నికలు జరిగే దేశంలో ఆ దారి కుదరదు. ప్రణాళికకు 15 ఏళ్లు, నడపడానికి 60, విప్పి శుభ్రం చేయడానికి మరికొన్ని దశాబ్దాలు: అంటే ఇరవై దాకా ప్రభుత్వాలు. ప్రతిపక్షానికి లెక్కలు చూపించకుండా మొదలుపెట్టిన ప్లాంటును ఆపడం ఆ ప్రతిపక్షానికి మొదటి ఎన్నికల హామీ అవుతుంది.

పైగా చర్చకు ఐదేళ్లు అక్కర్లేదు. స్థల పరిశోధన ఎలాగూ ఆగదు: భూకంప రికార్డులు, భూగర్భ జలాలు, వాతావరణ కొలతలు అన్నీ చూడటానికి సంవత్సరాలు పడుతుంది. చర్చ దానికి సమాంతరంగా నడవొచ్చు.

---

రాతిపొర:

వ్యర్థాల గురించి ఎవరూ రాయలేదు, జనం మొదట అడిగేది అదే.

1,000 మెగావాట్ల తేలికనీటి (మామూలు నీటిని వాడే) రియాక్టర్ ఏడాదికి సుమారు 20 నుంచి 25 టన్నుల వాడిన ఇంధనం దించుతుంది. 60 ఏళ్లకు 1,200 నుంచి 1,500 టన్నులు. బొగ్గు బూడిదతో పోలిస్తే చాలా కొంచెం. కష్టం పరిమాణంలో కాదు, కాలంలో ఉంది. మొదట కొన్నేళ్లు నీటి కొలనులో ఉంచాలి, తర్వాత కాంక్రీటు–ఉక్కు పొడి పీపాల్లో దశాబ్దాలు, చివరకు లోతైన రాతిలో. పొడి పీపాల దశ దాకా సాంకేతికంగా పెద్ద చిక్కులేమీ లేవు. చివరి మెట్టు దగ్గరే దేశాలు తడబడ్డాయి, అదీ రాయి వల్ల కన్నా పద్ధతి వల్ల.

వాడిన ఇంధనం పాతిపెట్టే చోటు కోసం అమెరికా పార్లమెంటు 1987లో నెవాడాలోని యుక్కా పర్వతం ఒక్కదాన్నే పరిశీలించాలని చట్టం చేసింది. నెవాడా రాష్ట్రం ఒప్పుకోలేదు. రెండు దశాబ్దాల పైచిలుకు పని తర్వాత నిధులు ఆగిపోయాయి. జర్మనీలో అలాంటి చోటుగా గోర్లేబెన్‌ను 1977లో పైనుంచి ఎంపిక చేశారు. 2020లో భూగర్భ కారణాలతో జాబితా నుంచే తీసేశారు. ఫిన్లాండ్‌లో మాత్రం యూరాయోకి మునిసిపాలిటీ 2000లో ఒప్పుకుంది, 2001లో పార్లమెంటు ఆమోదించింది, 2004లో ఓంకలో అనే భూగర్భ వ్యర్థాల కేంద్రం తవ్వకం మొదలైంది. 430 మీటర్ల లోతు. వద్దనే హక్కు ఊరికి ఉండటం వల్ల కంపెనీ వాళ్లకు ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పక తప్పలేదు.

కాబట్టి మొదటి రియాక్టర్ చర్చలోనే ఇవి తేలాలి: సరఫరా దేశం వాడిన ఇంధనాన్ని వెనక్కి తీసుకుంటుందా, తీసుకుంటే రీప్రాసెస్ చేశాక మిగిలిన వ్యర్థాలు తిరిగి వస్తాయా? యూనిట్ కరెంటుకు ఎంత చొప్పున వ్యర్థాల నిధికి జమ చేయాలి, ఆ నిధి ప్రభుత్వ ఖజానాలో కలవకుండా ఏ చట్టం ఆపుతుంది? నిధి ఖజానాలో కలిసిపోతే ప్లాంటు మూతపడే నాటికి కాగితం మీద అంకె మాత్రమే ఉంటుంది.

---

నిర్ణయపత్రం:

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. రెండు మిగిలాయి. రిఫరెండం కావాలా వద్దా? భద్రత పేరుతో "ఇది రహస్యం" అన్నప్పుడు ఎంతవరకు ఒప్పుకోవాలి?

---

చీటీపద్ధతి:

రిఫరెండం మీద నా అభిప్రాయం: అవును–కాదు అనే ఒక్క ప్రశ్నలో ఇంత సంగతి ఇమడదు. కజకిస్తాన్ 2024 అక్టోబరు 6న "అణు విద్యుత్ కేంద్రం నిర్మాణానికి ఒప్పుకుంటారా" అని అడిగింది, సుమారు 71 శాతం అవునన్నారు. అప్పటికి ఏ దేశపు కంపెనీ కడుతుందో తేలలేదు, ఆ ఎంపిక 2025లో జరిగింది. ధర, అప్పు, సరఫరాదారు తెలియకుండా ఇచ్చిన ఒప్పుకోలును తర్వాత ఏ ఒప్పందానికైనా అతికించవచ్చు. రిఫరెండం పెట్టక తప్పకపోతే ఆ మూడూ తెలిశాక, కాంక్రీటుకు ముందు పెట్టాలి.

దానికన్నా నాకు మెరుగ్గా కనిపించేది దక్షిణ కొరియా 2017లో చేసింది. షిన్‌గోరి 5, 6 యూనిట్ల పని ఆపి, టెలిఫోన్ సర్వే చేసిన పెద్ద నమూనాలోంచి వయసు, లింగం, అభిప్రాయం చూసి పౌరులను ఎంపిక చేశారు. చివరి మూడు రోజుల సమావేశానికి 471 మంది వచ్చారు. రెండు పక్షాలూ రాసిన సమాచార పుస్తకం అంతకుముందే చదివారు. మొదట్లో మూడో వంతు మంది ఎటూ తేల్చుకోలేదు. చివరకు 59.5 శాతం పని కొనసాగించాలన్నారు, కానీ పాల్గొన్నవాళ్లందరిలో 53.2 శాతం దేశంలో అణు వాటా తగ్గాలన్నారు. అవును–కాదు ఓటులో ఈ రెండో జవాబు ఎప్పటికీ బయటపడదు. ప్రభుత్వం పని తిరిగి మొదలుపెట్టింది.

ఇది చేయాలంటే జాగ్రత్త పడాల్సినవి: ఎంపిక లాటరీ ద్వారానే, స్వచ్ఛందంగా వచ్చేవాళ్లతో కాదు. వచ్చేవాళ్లకు రోజు కూలి, ప్రయాణం, పిల్లలను చూసుకునే ఏర్పాటు ఉండాలి, లేకపోతే తీరిక ఉన్నవాళ్లే మిగులుతారు. ప్రతి బల్ల దగ్గరా పది మందికి మించకూడదు, నడిపే మనిషి ఏ పక్షానికీ చెందకూడదు. ప్రత్యామ్నాయాన్ని కూడా అంతే వివరంగా చూపించాలి: అణువిద్యుత్తు లేకుండా అదే లోటును నిల్వ, లైన్లు, గాలి, సౌరంతో పూడిస్తే ఖర్చెంత, ఎన్నాళ్లు? ఒక్క దారినే చూపించి అడిగితే అది చర్చ కాదు.

రహస్యాల సంగతి: కాపలా సిబ్బంది సంఖ్య, ఎలాంటి దాడిని ఊహించి రక్షణ కట్టారన్న పత్రం, ఇంధనం తరలించే వేళలు, దారులు, కంట్రోల్ వ్యవస్థల నెట్‌వర్క్ చిత్రాలు గోప్యంగా ఉండాల్సినవే. భూకంప, వరద లెక్కలు, భద్రతా విశ్లేషణ నివేదిక, ప్రమాదం జరిగితే ఎంత దూరం ఖాళీ చేయాలి, అయోడిన్ మాత్రలు ఎక్కడ నిల్వ ఉంటాయి, పరిహార పరిమితి ఎంత, ఒప్పందంలో ధర మారే సూత్రం: ఇవి దాచడానికి కారణం లేదు. ఖాళీ చేయించే ప్రణాళిక చుట్టుపక్కల వాళ్లకు తెలియకపోతే అది పనిచేయనే పనిచేయదు.

ఏదైనా పేజీ తీసేస్తే ఆ పేజీ స్థానంలో ఒక కాగితం పెట్టమనండి: ఏ అంశం, ఏ సెక్షన్ కింద, ఎవరి సంతకంతో, ఎంతకాలం వరకు. ఆ సంతకాన్ని సవాలు చేయడానికి నియంత్రణ సంస్థకు, ప్రోత్సహించే శాఖకు రెండింటికీ బయట ఒక అప్పీలు అధికారి ఉండాలి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దీన్ని చర్చ ప్రకటించే ఉత్తర్వులోనే రాయించండి, తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.